ఏలిక అపరాధము, ప్రజలకు శిక్ష

ప్రతి సంవత్సరము సెప్టెంబరు 17వ తేది సమీపించుసరికి తెలుగునాట నొక నామకరణ కలహము చెలరేగుచున్నది. ఆ దినమును విమోచన దినమనవలెనని యొకరు, విలీన దినమనవలెనని వేరొకరు వాదింతురు. 2022లో కేంద్ర ప్రభుత్వమువారు విమోచన దినోత్సవమును జరిపిరి. అదే యూరిలో అదే దినమున రాష్ట్ర ప్రభుత్వమువారు జాతీయ సమైక్యతా దినోత్సవమును జరిపిరి. 2024లో క్రొత్తగా గద్దెనెక్కిన రాష్ట్ర ప్రభుత్వము దానికి ప్రజాపాలన దినోత్సవమని మరియొక పేరు పెట్టినది. ఒక్క బిడ్డకు ఇన్ని బారసాలలు జరుగుట మేమెన్నడును వినలేదు.

పేర్లు మారుచున్నవి గాని ప్రసంగములు మారుట లేదు. ఒక వేదికపై రజాకార్ల దుండగములే చరిత్ర. మరియొక వేదికపై నిజాము కట్టించిన ఆస్పత్రులును జలాశయములునే చరిత్ర. 1948 సెప్టెంబరు 17వ తేదికి పిదప వచ్చిన వారములలో నేమి జరిగినదను మాట మాత్రము ఏ వేదికపైనను వినరాదు. హైదరాబాదు ముస్లిములకును ప్రభుత్వమునకును నడుమ నేటికిని తీరని యనుమానము పాతుకొనియున్నది సరిగా ఆ చోటనే యని మా దృఢాభిప్రాయము. ఆ చోటిని మట్టికప్పి మూసినంతకాలమును అనుమానము చావదు; లోపల కుళ్లుచునేయుండును.

మల్కాపురమున గూర్చుండి హైదరాబాదు గొడవ వ్రాయుటేల యని మా పాఠకులు కొందఱడుగవచ్చును. అడుగుట న్యాయమే. ఉత్తర సర్కారులు 1753లో నిజాము చేతినుండి ఫ్రెంచివారికిని, 1766 నాటి సంధివలన ఇంగ్లీషు కంపెనీకిని పోయినవి. వానిపై నిజామునకు మిగిలిన పేష్కషు హక్కును సైతము 1823లో కంపెనీవారు ఒక్క మొత్తముగా సొమ్ము చెల్లించి తీర్చివేసిరి. అనగా ఈ తీరమున తరతరములుగా నున్న ముస్లిము కుటుంబములు రెండువందల యేబది యేండ్లకు పైబడి నిజాము ప్రజలు కారు. రేవు ముఖమున నున్న మూడు కొండలలో ఒకదానిపై వేంకటేశ్వరుని కోవెలయు, ఒకదానిపై కాథలిక్కుల చర్చియు, ఒకదానిపై ఇషాక్ మదీనా దర్గాయు గలవు. వెనుకటి దినములలో రేవునకు వచ్చిపోవు నావలు ఆ దర్గా కెదురుగా జెండాను ముమ్మారు దింపి యెత్తి వందనము సేయుచుండెడివని ఈ జిల్లాను గూర్చిన పాతగ్రంథములు చెప్పుచున్నవి. ఆ నావల సరంగులలో హిందువులెందఱో, ముస్లిములెందఱో యెవ్వరును లెక్కపెట్టలేదు. 1948 మార్చి 14న జవాహర్‌లాల్ నెహ్రూ జలఉషను నీటిలోనికి విడిచిన నాటినుండి, మన సింధియా ఓడల కార్మాగారమున ఇనుపరేకులను అతుకువానిని, రివెట్లు కొట్టువానిని పని యడిగినవారే గాని మతమడిగినవారు లేరు.

ఇట్టి యూరనే, సెప్టెంబరు వచ్చుసరికి, చేతిఫోనులలో రజాకార్ల బొమ్మలు తిరుగుచున్నవి. ఇంట తెలుగు తప్ప వేరుభాష యెఱుగని దూదేకుల కుటుంబమువానిని జూచి "మీ నిజాము" అనువారు బయలుదేరుచున్నారు. వాని తాతకు తాత సైతము నిజాము ముఖము చూడలేదే! కావున ఇది హైదరాబాదు గొడవ మాత్రమే కాదు. అక్కడ తీర్చని పద్దు ఇక్కడ వడ్డీతో వసూలగుచున్నది.

మొదట ఈ "మీ నిజాము" అను మాటను పరీక్షింతము. నిజాము ముస్లిముల రాజా? 1857 జులై 17న కోఠీలోని బ్రిటిషు రెసిడెన్సీపై పడిన గుంపునకు నాయకులు తుర్రేబాజ్‌ఖానును, మౌల్వీ అలావుద్దీనును. ఇరువురును ముస్లిములే. వారిని అణచుటకు ఇంగ్లీషువారితో చేయి కలిపినది నిజాము దర్బారే. తుర్రేబాజ్‌ఖానును చంపి శవమును నగరమున వ్రేలాడదీసిరి. మౌల్వీని అండమానునకు పంపిరి. అసఫ్‌జాహీ వంశము తన గద్దెను కాపాడుకొనెను, మతమును గాదు. ఈ సంగతి తెలిసినవాడు "ముస్లిము రాజ్యము" అను మాటను తేలికగా నోట రానీయడు.

అయినను ఆ రాజ్యమున ముస్లిములకు పెద్దపీట లేదనుట అసత్యము. సంస్థానపు జనాభాలో వారు నూటికి పండ్రెండు పదుమువ్వురు. సర్కారు కొలువులలోను, ఫౌజులోను, పోలీసులోను మాత్రము వారిదే అధికభాగము. పరిపాలన ఉర్దూలో; 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధన ఉర్దూలో; సంస్థానమున సగమునకు దగ్గఱగానున్న తెలుగువారికి తమ భాషలో బడి పెట్టుకొనుటయే ఒక పోరాటము. 1938లో వందేమాతరము పాడినందుకు ఉస్మానియా విద్యార్థులను వెళ్లగొట్టగా వారు నాగపూరునకు పోయి చదువుకొనవలసివచ్చెను. ఈ యన్యాయమును మేము కప్పిపుచ్చము. కాని ఆ పెద్దపీటపై గూర్చున్నవారెవ్వరు? నవాబులు, జాగీర్దార్లు, ఉత్తరదేశమునుండి వచ్చిన ఉద్యోగులు. మిగిలిన ముస్లిములు చప్రాసీలు, జట్కావాండ్రు, సాలెవారు, చిల్లర జీతముపై సిపాయిలు. సంస్థానపు భూమిలో పదింట నొకవంతు నిజాము సొంత ఖర్చులకు సర్ఫేఖాసుగా నుండెను. దానిలో ఒక్క గుంట యైనను నల్లగొండ ముస్లిము కూలికి దక్కినదా? విసునూరు దేశముఖు నెదిరించి కోర్టుల కెక్కి ప్రాణము కోల్పోయిన బందగీ యెవ్వరు? ముస్లిము రైతు. ఆ దేశముఖు హిందువు. భూమి తగవున మతము ఏ ప్రక్కనుండెనో ఇంతకంటె విస్పష్టముగ జెప్పవలెనా?

ఈ బీదజనమునకు రాజ్యమున పాలు లేదు గనుకనే, వారికి పాలున్నట్లు భ్రమ కల్పించు సిద్ధాంత మొకటి కావలసివచ్చెను. 1927లో పుట్టిన మజ్లిసె ఇత్తెహాదుల్ ముస్లిమీను ఆ భ్రమను సమకూర్చినది. గొప్ప వక్తయైన బహాదుర్ యార్‌జంగు కాలమున అనల్ మాలిక్ అను నినాదము పుట్టెను. "నేనే రాజును" అని దాని యర్థము. నిజాము ముస్లిముల రాజ్యాధికారమునకు గుర్తు మాత్రమేననియు, సింహాసనమున గూర్చున్నది ప్రతి ముస్లిముననియు దాని తాత్పర్యము. జట్కా తోలువానికి అన్నము పెట్టలేనివారు కిరీటము పెట్టిరి! కిరీటము పెట్టుకొన్నవాని తలపై ఏలిక పాపమంతయు వచ్చి పడునని ఆనాడెవ్వరును వానికి జెప్పలేదు. ఈ వైరమునకు తొలివిత్తనము ఇదే. దీనిని నాటినది ఢిల్లీ కాదు, హిందూ మహాసభయు కాదు. ముస్లిముల పేర మాటలాడిన నాయకులే నాటిరి. మజ్లిసు నేటి నాయకులకు ఈ వాక్యము రుచింపకపోవచ్చును. అందుకు మేము విచారింపము.

బహాదుర్ యార్‌జంగు 1944లో మరణించెను. పిదప కాసింరజ్వీ చేతికి సంస్థ వచ్చినది. తరువాతి కథ పాఠకులెఱుగుదురు. నిజాము స్వతంత్రుడనని చాటుట, 1947 నవంబరు 29న యథాతథపు టొడంబడికపై సంతకము చేయుట, చేసియు దానిని నిలుపుకొనకపోవుట. ఊరూర రజాకార్లు నెలవారీ సొమ్ము పిండుట. 1947 సెప్టెంబరు 2న పరకాలలో జెండా యెత్తవచ్చినవారిపై కాల్పులు. 1948 ఆగష్టు 27న బైరానుపల్లి బురుజు కడ గ్రామస్థుల నూచకోత. ఇమ్రోజు పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాను విలీనమును గోరి వ్రాసినందుకు ఆ యాగష్టులోనే నడివీథిలో చేయి నఱికి చంపిరి. ఆయన ముస్లిము. చంపినవారును తాము ముస్లిముల రక్షకులమనియే చెప్పుకొనిరి. మఖ్దూం మొహియుద్దీను వంటి కవి సైతము నిజామునకు ప్రతికూలముగానే నిలిచెను. కావున మేము స్పష్టముగ జెప్పుచున్నాము: 1948 సెప్టెంబరు 13న భారతసైన్యము సంస్థానమున ప్రవేశించుట అవసరము, ధర్మము. దేశము నడిబొడ్డున నొక గద్దెకొఱకు కోటిన్నరకు మించిన జనులను బందీలుగా నుంచుట ఏ న్యాయమునను చెల్లదు. విలీనమును గూర్చి మాకు లేశమును పశ్చాత్తాపము లేదు.

ఆ సైనికచర్య యైదు దినములలో ముగిసినది. 17వ తేదిన నిజాము లొంగిపోయెను. ఇక మా ప్రశ్న మొదలగుచున్నది.

ఆ తరువాత నేమి జరిగెను? మేము చెప్పుట కాదు. భారత ప్రభుత్వము కోరగా వెళ్లిన పండిత సుందరలాలు, ఖాజీ అబ్దుల్ గఫారు, మౌలానా అబ్దుల్లా మిస్రీ గారలు చెప్పిరి. 1948 నవంబరు 29 మొదలు డిసెంబరు 21 వఱకు వారు సంస్థానపు పదునాఱు జిల్లాలలో తొమ్మిదింట తిరిగిరి. నూటతొమ్మిది గ్రామములకు చెందిన ఐదువందలమందికి పైగా జనులను ప్రశ్నించిరి. తక్కువలో తక్కువగా లెక్కించినను, పోలీసుచర్య నాటను పిదపను, సంస్థానమున ఇరువదియేడు వేలమొదలు నలువదివేల వఱకు జనులు ప్రాణములు గోల్పోయిరని వారు తేల్చిరి. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలోనే పదునెనిమిది వేలకు తక్కువ కాదనిరి. మన తెలుగు జిల్లాలైన నల్లగొండ, మెదకులు వారి రెండవ పట్టికలో నున్నవి. చచ్చినవారిలో అధికసంఖ్యాకులు ముస్లిములు. రజాకార్ల దౌష్ట్యమునకు ప్రతీకారమను పేర వారిపై పడినవారిలో స్థానికులు గలరు, బయటినుండి వచ్చినవారును గలరు. కొన్నిచోట్ల సిపాయిలును పోలీసులును దోపిడిలో పాల్గొనిరనియు, మఱికొన్నిచోట్ల సిపాయిలే ముస్లిములను కాపాడిరనియు ఆ నివేదిక రెండు మాటలను దాపఱికము లేక వ్రాసినది.

రజాకార్లు చేసినదానికి ఇది బదులని వాదించువారున్నారు. సరే, బదులు లెక్కయే చూతము. రజాకార్లకు అండనిచ్చిన యేలిక యెవ్వరు? మీర్ ఉస్మాన్ అలీఖాను. ఆయనకు బడిన శిక్ష యేమి? 1950 జనవరి 26న భారత రిపబ్లికున రాజప్రముఖుడాయెను. 1956 దాక ఆ పదవిలో నుండెను. ఏటికి ఏబది లక్షల రూపాయల రాజభరణము పుచ్చుకొనెను. కాసింరజ్వీ శిక్ష యేమి? కొన్నియేండ్ల చెఱసాల; 1957లో విడుదల, పాకిస్తానునకు ప్రయాణము. విసునూరు దేశముఖుల వంటివారు సైన్యము వెనుకనే వచ్చి గడీలలో తిరిగి ప్రవేశించిరి. మఱి బీదరు సాలెవాడు? ఉస్మానాబాదు కూలి? వాడు రాజభరణము నెఱుగడు. వానికి దక్కినది బావి యడుగు.

రాజును క్షమించి ప్రజను శిక్షించిన యీ లెక్కను న్యాయమనువారు నిజాము దర్బారున నుండవలసినవారే గాని ప్రజారాజ్యమున నుండవలసినవారు కారు. "నేనే రాజును" అను మజ్లిసు అబద్ధమును మనవారును నమ్మిరి! ప్రతి ముస్లిమును ఏలికయేనని మజ్లిసు చెప్పగా, అట్లయిన ప్రతి ముస్లిమును అపరాధియేనని మనము తీర్పు జెప్పితిమి. శత్రువు సిద్ధాంతమును ఓడించితిమని జయభేరి మ్రోగించుచునే దానిని నెత్తిన పెట్టుకొంటిమి.

కత్తికి తప్పించుకొన్నవారికి కూటి కష్టము తగిలినది. నిజాము ఫౌజు రద్దయినది. పోలీసులోను కచేరీలలోను వేలకొలది తొలగింపబడిరి. 1949లో జాగీర్ల రద్దు ధర్మమైనదే; జాగీర్దారు పతనమునకు కన్నీరు కార్చువారము మేము కాము. కాని జాగీర్దారు గడపనంటి బ్రతికిన బంట్రోతులు, వంటవాండ్రు, దర్జీలు, గుఱ్ఱపువాండ్రు ఏ గడపకు పోవలెనో ఆలోచించినవారు లేరు. కచేరీ భాష మారినది, మారవలసినదే. కాని నలువదియేండ్లు వచ్చిన ఉర్దూ గుమాస్తాకు ఇంగ్లీషు నేర్పు బడి పెట్టినవారు లేరు. పాతనగరమున నేడు కనబడు బీదతనము మతగుణమని పలుకు పండితులు ఈ పదియేండ్ల కథను ఒక్కసారి చదువుకొందురుగాక.

నెత్తురును, నిరుద్యోగమును గూడ కాలము మాన్పియుండెడిది. మాననీయనిది దాపఱికము. సుందరలాలు సంఘపు నివేదికను ప్రభుత్వము ప్రకటింపలేదు. ఒకటి గాదు, రెండు గాదు, అఱువది యేండ్లకు పైగా అది దస్త్రములలో నిదురించెను. 2013లో ఎ. జి. నూరానీ తన గ్రంథమున దానిని అచ్చొత్తించెను. ఆ దినములలోనే ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయమున జనులు చూచుటకు వీలాయెను. తండ్రి యెట్లు చచ్చెనో కొడుకునకు తెలుసు. సర్కారు మాత్రము ఎవ్వరును చావలేదన్నట్లు మౌనము వహించెను. ఆ కొడుకు సర్కారు మాట నింక దేనిలో నమ్మును?

"పాతగోడలు త్రవ్విన పాములు లేచును, ఊరకుండుటయే మేలు" అని వివేకులు కొందఱు మాకు హితవు చెప్పుచున్నారు. రజాకార్ల కథలను ఏటేట సినిమాలుగా, ఊరేగింపులుగా త్రవ్వునప్పుడు ఈ వివేకము ఎచ్చటికి పోవుచున్నదో మాకు తెలియదు. సగము గోడను త్రవ్వి సగము గోడకు సున్నము వేయుట వివేకము గాదు, పక్షపాతము. ఐర్లండు ఉత్తరభాగమున 1972 జనవరి 30న డెర్రీ నగరములో ఇంగ్లీషు సిపాయిలు నిరాయుధులైన కాథలిక్కులను కాల్చిచంపిరి. తొలి విచారణ సిపాయిలను సమర్థించినది. ఆ సమర్థింపు తుపాకులకంటె నెక్కువ కీడు చేసినది. ముప్పదియెనిమిదేండ్ల పిదప, 2010లో, రెండవ విచారణ నిజమును చెప్పగా బ్రిటిషు ప్రధానమంత్రి పార్లమెంటున నిలిచి క్షమాపణ చెప్పెను. అందువలన ఇంగ్లండు కూలిపోలేదు. డెర్రీ ప్రజలు ఆ దినమున వీథులలోనికి వచ్చి హర్షించిరి. మనలను రెండువందల యేండ్లు దోచినవారు చేయగలిగిన పనిని మనము చేయలేకపోవుట సిగ్గుచేటు కాదా?

అనుమానమునకు మేత వేయుట అంతటితో నాగలేదు. 1978 మార్చిలో హైదరాబాదు నల్లకుంట ఠాణాలో ఒక పేద ముస్లిము స్త్రీపై పోలీసులు అత్యాచారము చేసిరనియు, ఆమె భర్తను కొట్టి చంపిరనియు నగరమంతయు భగ్గుమన్నది. ఆ కోపమున హిందువులును ముస్లిములును కలిసియే వీథి కెక్కిరి; ఇది మఱువరాని విశేషము. జస్టిసు ముక్తదరు కమిషను పోలీసులను తప్పుపట్టినది. కాని కేసు రాయచూరునకు పోయి 1981లో నిందితులందఱును విడుదలైరి. 2007 మే 18, శుక్రవారము, మక్కామసీదులో బాంబు పేలి తొమ్మండుగురు చచ్చిరి. ఆ వెంటనే పోలీసు కాల్పులలో మఱి యైదుగురు చచ్చిరి. పిదప పదులకొలది ముస్లిము యువకులను పట్టి హింసించి, నేరము రుజువు గాక విడిచిరి. 2012లో రాష్ట్ర ప్రభుత్వమే వారికి పరిహారమిచ్చి తన తప్పును ఒప్పుకొనినది. దర్యాప్తు దిక్కు మారి, హిందూ సంస్థలతో సంబంధముగలవారు నిందితులైరి. 2018 ఏప్రిల్ 16న వారును నిర్దోషులని కోర్టు తీర్చెను. అట్లయిన మసీదులో బాంబు పెట్టినదెవ్వరు? ఎవ్వరును పెట్టకయే పేలినదా? ప్రభుత్వము ఈ ప్రశ్నకు ఉత్తరము చెప్పనంతకాలము "వారికి రాజ్యముపై నమ్మకము లేదు" అని వాపోవుట కపటము.

మజ్లిసువారికిని మాదొక ప్రశ్న గలదు. 1957లో అబ్దుల్ వాహెద్ ఒవైసీ ఆ సంస్థను తిరిగి నిలిపెను. భారత రాజ్యాంగమునకు లోబడి యెన్నికలలో నిలుచుట మెచ్చదగినది. పేరు మాత్రము పాతదే యుంచిరి. పేరునుంచుకొన్నవారు ఆ పేరుతో వచ్చిన పద్దునుగూడ ఉంచుకొనవలయును గదా! షోయబుల్లాఖాను పేరు తమ వేదికలపై ఎన్నిమారులు వినబడినది? తుర్రేబాజ్‌ఖాను వీరుడే, మఱి షోయబుల్లాఖాను ఎవ్వరు? తమ వీరులలో నిజమైనవారిని మఱచి, కాసింరజ్వీతో తమకు సంబంధము లేదని యొక్క ముక్కలో దాటవేయుట చాలదు.

సుందరలాలు నివేదికలో మాకు కంటతడి పెట్టించిన భాగ మొకటి గలదు. పలుచోట్ల హిందువులు తమ ముస్లిము ఇరుగుపొరుగువారిని ప్రాణములకు తెగించి కాపాడిరని అందున్నది. ఒక్క వృత్తివారి నడుమ ఈ స్నేహము మఱింత గట్టిగా నుండెనట. హిందూ సాలెవారు తోటి ముస్లిము సాలెవారికొఱకు గుంపుల నెదిరించి తామును నేలగూలిరట. వారి పేర్లు మనకు తెలియవు. వారికి ఏ కూడలిని విగ్రహము లేదు. సెప్టెంబరు 17న వారికి పూలమాల వేసినవారు లేరు. నివేదికను దాచినవారు ముస్లిముల చావును మాత్రమే దాచిరనుకొనుట పొరపాటు. ఆ సాలెవారి ధర్మమునుగూడ దాచిరి. ఒక్క మగ్గముపైనున్నవాడు మగ్గమువానిని విడువలేదను సంగతి తెలిసియుండినచో, నేడు ఒక్క రేవులో పనిచేయు మనవాండ్ర నోట "మీ నిజాము" అను మాట వచ్చియుండెడిదా?

కావున మేము అడుగుచున్నది పెద్ద కోరిక గాదు. కేంద్ర ప్రభుత్వమువారు సుందరలాలు నివేదికను తమ ముద్రతో, తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడ భాషలలో అచ్చొత్తింపవలయును. పరకాల, బైరానుపల్లి దుర్మరణముల వృత్తాంతమును, రజాకార్ల నేరముల దస్త్రములను దానితోనే కలిపి ఒక్క సంపుటముగా వేయవలయును. ఒకదానిని విడిచి యొకటి వేయరాదు. రెండు తెలుగు రాష్ట్రముల ప్రభుత్వములును ప్రతి శాఖా గ్రంథాలయమునకు నొక్కొక్క ప్రతిని పంపవలయును. మల్కాపురపు పాఠకులు మొదట ఈ ప్రతికొఱకు జిల్లా గ్రంథాలయ సంస్థకు వ్రాతమూలకముగ నర్జీ పెట్టుకొందురుగాక. వచ్చు సెప్టెంబరు 17లోపల ఆ యర్జీలకు వచ్చిన సమాధానములను, రాకున్న ఆ సంగతిని, ఈ పుటలలో ప్రకటింపగలము.